బొగ్గు గీతల వార్డు

ఎవరింట్లోనైనా గోడలకి వెల్ల వేస్తున్నారంటే ఆ వారం నేను ఆ గడప తొక్కను. మా చెల్లెలు దాన్ని చాదస్తం అంటుంది. అననీ. ఇన్నేళ్ళు గడిచినా తడి వెల్ల వాసన ముక్కుకి తగిలితే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఆ మంటలో సగం ఇతరుల మీద, సగం నా మీద. ఏ సగం పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

తొంభైల చివరి సంగతి ఇది. గుడివాడ వైపు నుంచి వచ్చి, మదీనాగూడ దాటాక బొంబాయి రోడ్డు పక్కనున్న ఒక ట్రస్టు ఆసుపత్రిలో ఇన్‌ఛార్జి సిస్టర్‌గా చేసేదాన్ని. ముప్పై పడకల ఆసుపత్రి. నర్సులకీ ఆయాలకీ డ్యూటీలు వేయడం, ఎవరు రాకపోతే వాళ్ళ చోట ఎవర్ని నిలబెట్టాలో చూడడం, తగువులు తీర్చడం నా పని. నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు. నోరు పెద్దది. నా నోటికి భయపడి వార్డు నడుస్తుందని అనుకునేదాన్ని.

అప్పట్లో మాదాపూర్ బండరాళ్ళ మధ్య అద్దాల మేడలు లేస్తున్నాయి. పేపరు తెరిస్తే కంప్యూటరు, టీవీ పెడితే కంప్యూటరు. ఆ మేడలు కట్టే కూలీలు మాత్రం గచ్చిబౌలి దాకా రేకుల కింద, పరదాల కింద ఉండేవాళ్ళు. పాలమూరు నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. సిమెంటు తడపడానికి ట్యాంకర్లు రోజూ వచ్చేవి. వాళ్ళు తాగడానికి మాత్రం పునాది గుంటలో నిలిచిన నీళ్ళు. నేను కళ్ళారా చూసి చెబుతున్నాను. గోడకి మంచినీళ్ళు పోసి మనిషికి మురుగు పోసిన ఊరు మనది.

వానలు పడ్డ పది రోజులకి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మొదటి రోజు నలుగురు వచ్చారు. నాలుగో రోజుకి ముప్పై పడకలూ నిండి వరండాలో చాపలు పరిచాం. వాళ్ళని మిగతా రోగుల దగ్గర ఉంచకూడదని, ఆసుపత్రి వెనకున్న పాత ధాన్యం గోదాము కడిగించి దాన్నే వార్డు చేశాం. నవారు మంచాలకి మధ్యలో పట్టీలు కోసి, కింద బక్కెట్టు పెట్టాం. లేచే ఓపిక లేనివాళ్ళకి అదే పద్ధతి. ఎంత నీరు పోతోందో చూసి అంత సెలైన్ ఎక్కించాలి. ఈ రోగంలో వైద్యమంతా ఆ లెక్కే.

అప్పుడు మొదలైంది అసలు తమాషా. నా దగ్గరున్న ఎనిమిది మంది నర్సుల్లో వారం తిరిగేసరికి ముగ్గురు మిగిలారు. ఒకమ్మాయికి జ్వరం, ఒకమ్మాయికి వాళ్ళ అత్తగారికి జ్వరం. బాచుపల్లి నుంచి వచ్చే అమ్మాయిని వాళ్ళ నాన్న స్కూటరు మీద వచ్చి తీసుకుపోయాడు. "పెళ్ళి కావలసిన పిల్లండీ, మీకేం తెలుస్తుంది" అన్నాడు నాతో. నాకూ పెళ్ళి కాలేదని ఆయనకి తెలియదు పాపం. మా సూపరింటెండెంటుగారైతే గోదాము గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టలేదు. ముక్కుకి యూడికొలోన్ చల్లిన జేబురుమాలు అడ్డం పెట్టుకుని, బయట నుంచే "ఎలా ఉందండీ పరిస్థితి" అని అడిగేవారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు.

ఆయాలు ఐదుగురు. వాళ్ళలో ఒక్కరూ పోలేదు. వాళ్ళకి భయం లేక కాదు, ఆ ఉద్యోగం పోతే ఇంకోటి లేక. ఆ ఐదుగురిలో పెద్దామె గురించే ఇప్పుడు చెప్పేది. ఆమెకి యాభైకి దగ్గర పడి ఉంటుంది. అక్కడి ఊరి మనిషే. వాళ్ళ రెండెకరాలు రోడ్డు కింద కొంత, కాంపౌండు గోడల కింద కొంత పోయాయి. పదకొండేళ్ళుగా ఆసుపత్రిలో టెంపరరీ ఆయా. ఆ నెల సూపరింటెండెంటుగారు అందర్నీ నిలబెట్టి, "ఈ గండం గడిచేదాకా ఒక్క మెమో లేకుండా పనిచేసినవాళ్ళని పర్మినెంట్ చేయమని ట్రస్టుకి రాస్తాను" అన్నారు. ఆ మాట ఆమె చెవిలో పడ్డప్పుడు నేను ఆమె ముఖం చూశాను. నవ్వలేదు. చీర చెంగు బొడ్లో దోపుకుని బక్కెట్టు పట్టుకుని పోయింది. ఆ రోజు నుంచి ఒక్క పూట మానలేదు.

ఆమెకి చదువు రాదు. నర్సులు తగ్గి, ఎవరికి ఎన్నిసార్లయిందో రాసే దిక్కు లేకపోయాక, ఒకరోజు పొద్దున నేను వార్డులోకి వెళ్ళేసరికి ప్రతి మంచం తల వైపు గోడ మీద బొగ్గు గీతలు.

"ఏంటిది ఆయమ్మా? గోడంతా పాడు చేశావ్?" అన్నాను.

"పాడెందుకైతది సిస్టరమ్మా. గీ నిలువు గీత ఇరోచనం. గీ వంకర గీత వాంతి. గీ గుండ్రం ఒంటికి పోస్తే. రాత్రి నుంచి ఎవ్వరికెన్నో ఇగ నువ్వే సూస్కో."

నేను చూసింది గోడనే గాని గీతల్ని కాదు. బొగ్గు పారేయమని కేకలేశాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని పక్కనున్న నర్సు నవ్వింది. అప్పుడే వార్డుకి కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు లోపలికి వచ్చి, నా కేకలు పట్టించుకోకుండా గోడ దగ్గరికి వెళ్ళి ఒక్కో మంచం గీతలు లెక్కపెట్టాడు. మూడో మంచం దగ్గర ఆగి, "ఇతనికి ఇంకో రెండు బాటిళ్ళు ఎక్కించండి" అన్నాడు. ఆరో మంచం దగ్గర, "ఇతనికిక తగ్గించొచ్చు" అన్నాడు. చివరికి నా వైపు తిరిగి, "మన చార్టుల కంటే ఇది నయం సిస్టర్" అన్నాడు. నాకు చెప్పు తీసి కొట్టినట్టయింది. నోరు మూసుకున్నాను. అలా మూసుకోవాల్సింది ఇంకొకసారి కూడా ఉంది, అక్కడ మూసుకోలేదు. అది తర్వాత వస్తుంది.

మర్నాటి నుంచి అదే మా రికార్డు. ఐదుగురు ఆయాలూ ఆ గీతలు నేర్చుకున్నారు. నేనే ఒక నియమం కూడా పెట్టాను: ఎవరికైనా రాత్రంతా గుండ్రం పడకపోతే పక్కన ఇంటూ గుర్తు వేసి వెంటనే నన్ను పిలవాలి. సెలైన్ ఎక్కుతున్నా ఒంటికి రాలేదంటే మూత్రపిండాలు మొండికేస్తున్నట్టు. అది గంటల మీద వ్యవహారం. ఇంటూ గుర్తు అంటే నేను పరుగెత్తాలి, అంతే.

ఒక్క మాట నిజం చెప్పాలి. ఆ రెండు వారాలు నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. బక్కెట్లు మోసే ఆడవాళ్ళు డాక్టరుతో నిలబడి "పదో మంచం జర సూడుర్రి సారూ" అంటుంటే, ఆయన చూస్తుంటే, వాళ్ళ నడకే మారిపోయింది. ఎవరూ సెలవు అడగలేదు. డ్యూటీ చార్టు కోసం నేను అరవాల్సిన పని లేకుండా పోయింది. మనుషుల్ని పనిలో నిలబెట్టేది ఏమిటో నాకు నర్సింగు స్కూల్లో ఎవరూ చెప్పలేదు. ఒక బొగ్గు ముక్క చెప్పింది.

అంతలో దాతలు వస్తున్నారన్నారు. ట్రస్టు పెద్దలు, వాళ్ళతో పాటు ఎవరో అధికారులు. ఆసుపత్రికి ఒక కంప్యూటరు దానం చేసిన పుణ్యాత్ములు కూడా వాళ్ళలో ఉన్నారట. పదకొండింటికి వస్తారు, వార్డు అద్దంలా ఉండాలి అన్నారు సూపరింటెండెంటుగారు. ఆ గోడలేంటండీ, శ్మశానంలా బొగ్గు గీతలు, వెల్ల వేయించండి అన్నారు.

ఇక్కడ నేను కాదనాలి. కాదనలేదు. "అలాగేనండీ" అన్నాను. ఆ అలాగేనండీని నమిలి మింగేద్దామని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ రోజు పొద్దున ఏడింటికి నేను వార్డులో అడుగు పెట్టగానే పెద్ద ఆయా ఎదురొచ్చింది. ముందు రోజు సాయంత్రం చేరిన కూలామె ఒకతె పన్నెండో మంచం మీద ఉంది. పాలమూరు మనిషి. ఇటుకలు మోసే పని. పాతికేళ్ళు ఉండవు.

"సిస్టరమ్మా, గామెకు రాత్రంతా గుండ్రం పడలే. ఇంటూ ఏసిన, సూడు."

"చూస్తాను, పద" అన్నాను. నా చేతిలో దుప్పట్ల లిస్టు ఉంది. కొత్త దుప్పట్లు పద్దెనిమిదే వచ్చాయి, మంచాలు ఇరవై రెండు. నా బుర్రంతా ఆ నాలుగు దుప్పట్ల మీదే ఉంది.

ఎనిమిదింటికి వెల్ల వేసేవాళ్ళు వచ్చారు. మంచాలు మధ్యకి లాగాం. ఒకతను పన్నెండో మంచం వెనకాల కుంచె ఎత్తితే పెద్ద ఆయా అతని చెయ్యి పట్టుకుని ఆపి మళ్ళీ నన్ను పిలిచింది.

"ఇప్పుడు గూడ లేదు సిస్టరమ్మా. ఇంకో ఇంటూ ఏసిన. డాక్టరు సారును పిలువు."

డాక్టరుని దాతలకి ఎదురెళ్ళడానికి గేటు దగ్గర నిలబెట్టారు. తెల్లకోటు, టై. "వాళ్ళు వెళ్ళనీ ఆయమ్మా. రెండు గంటల్లో అయిపోతుంది. నువ్వు పని చూసుకో" అన్నాను. ఆమె వెళ్ళలేదు. "గోడ తుడిపేస్తే నీకెట్ల యాదుంటది" అంది. "నాకు గుర్తుంటుంది. నువ్వు నాకు చెప్పేదానివా?" అన్నాను. ఈ మాట అక్షరం పొల్లు పోకుండా అన్నాను. నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆమె పెయింటరు చెయ్యి వదిలేసింది.

పదింటికి ఇంకో ఘనకార్యం చేశాను. ఆయాల చీరలు బాగా లేవనీ, వాసనొస్తున్నారనీ, దాతలు వెళ్ళేదాకా వాళ్ళ ఐదుగుర్నీ వెనక షెడ్డులో కూర్చోమన్నాను. ఇది ఎవరి ఆజ్ఞా కాదు, నా సొంత తెలివి. రెండు వారాలు ఆ వార్డుని మోసిన మనుషుల్ని దాచి, పారిపోయి ఆ ఒక్క రోజుకి ఇస్త్రీ చీరల్లో వచ్చిన నర్సుల్ని వరసగా నిలబెట్టాను.

పదకొండింటికి రావలసినవాళ్ళు రెండింటికి వచ్చారు. అంతసేపూ అందరం వరండాలో నిలబడే ఉన్నాం. వార్డులో ఒక బల్ల వేసి, దాని మీద దానమిచ్చిన కంప్యూటరు పెట్టారు. గోదాములో ప్లగ్గు లేదు. వైరు చుట్టి వెనక దాచారు. వచ్చినవాళ్ళు దాని ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు. దుమ్ము పడితే పాడైపోతుందని ఆ రోజుల్లో ఒక భక్తి. రోగుల మధ్యకి మాత్రం బూట్లతోనే వచ్చారు. "రికార్డులన్నీ ఇక దీంట్లోనే" అన్నారు సూపరింటెండెంటుగారు, వెల్ల వేసిన గోడకి వీపు ఆనకుండా జాగ్రత్తగా నిలబడి. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వాళ్ళు కదిలేసరికి నాలుగు. కుర్ర డాక్టరు టై వదులు చేసుకుంటూ లోపలికి వచ్చి, అలవాటుగా గోడ వైపు చూశాడు. తెల్లగా ఉంది. "పన్నెండు ఎలా ఉంది సిస్టర్?" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పటికే ఆమె ముఖం ఉబ్బి ఉంది, పిలిస్తే పలకడం లేదు. ఊపిరి గురకలా వస్తోంది. పొద్దుటి నుంచి సెలైన్ ఎక్కుతూనే ఉంది, ఒంట్లోంచి చుక్క బయటికి రాలేదు. జీపులో పట్నంలో పెద్దాసుపత్రికి పంపాం. మూడో రోజు పోయిందని కబురు వచ్చింది. పొద్దున్నే పంపితే బతికేదా అని డాక్టరుని అడిగాను. అతను అబద్ధం చెప్పలేదు. "అవకాశం ఉండేది" అన్నాడు.

ఆమెతో పనిచేసే కూలీలు ముప్పై మంది దాకా వచ్చి గేటు ముందు కూర్చున్నారు. ట్రస్టువాళ్ళకి భయం పట్టుకుంది. ఎవరో ఒకరి తప్పు ఉండాలిగా మరి. సూపరింటెండెంటుగారు నన్ను గదిలోకి పిలిచి టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. డ్యూటీలో ఉన్న ఆయా రోగి పరిస్థితి నమోదు చేయలేదు, పైవారికి తెలియజేయలేదు, అందువల్ల తొలగించడమైనది. కింద ఇన్‌ఛార్జి సిస్టర్ అని నా సంతకానికి జాగా.

"ఆమె చెప్పిందండీ" అన్నాను.

"ఎవరికి?"

నేను కాగితం మీద నా సంతకం జాగా వైపు చూశాను.

"చూడండమ్మా, మీరు రేపో మాపో మేట్రన్ అవుతారు. ఆవిడ టెంపరరీ. రికార్డు ఎక్కడుందీ అంటే ఏం చూపిస్తాం? ఎల్లుండి వార్డులోనే ఎంక్వైరీ. ఆవిణ్ణి నాలుగు ముక్కలడిగి ముగించేద్దాం."

ఆ కాగితం రెండు రోజులు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. సంతకం పెట్టానా లేదా అని అడిగేవాళ్ళకి చెబుతున్నాను: పెట్టాను. రెండో రోజు పొద్దున బస్సులో పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. ఇవ్వడం మాత్రం ఇంకా ఇవ్వలేదు.

ఎంక్వైరీకి ట్రస్టువాళ్ళిద్దరు, సూపరింటెండెంటుగారు, కుర్ర డాక్టరు, నేను. ఆ పూట కూడా సూపరింటెండెంటుగారు గుమ్మం దాటి లోపలికి వచ్చారు. వార్డు దాదాపు ఖాళీ, ముగ్గురే రోగులు. పెద్ద ఆయాని నిలబెట్టి, ఆ రోజు పన్నెండో మంచం సంగతి ఎందుకు నమోదు చేయలేదని అడిగారు.

"రాసిన సారూ."

"ఎక్కడ రాశావ్?"

"గోడకు."

ట్రస్టాయన నవ్వాడు. "ఏ గోడకి? ఏముంది అక్కడ?"

ఆమె నా వైపు చూసింది. నేను చెబుతానని ఒక్క క్షణం ఆగింది. నేను కిటికీ వైపు చూశాను. అప్పుడామె వెళ్ళి, మూలనున్న బక్కెట్టులోంచి చెంబుతో నీళ్ళు ముంచి, పన్నెండో మంచం వెనకున్న గోడ మీద దబ్బున కొట్టింది.

"మా ఊర్ల ఇండ్లకు నేనే ఏస్తుంటి సారూ. ఒక్క పూతేస్తే గోడ తడిసినప్పుడు కిందిది కనవడ్తది."

కనపడింది. తడి పాకినకొద్దీ తెల్లదనం పలచబడి, లోపల్నుంచి గీతలు పైకి వచ్చాయి. కుంచె దెబ్బకి కొంచెం చెదిరినా అన్నీ ఉన్నాయి. నిలువు గీతలు పద్నాలుగు. వంకర గీతలు ఆరు. గుండ్రం ఒక్కటీ లేదు. వాటి పక్కన రెండు ఇంటూలు, ఒకదాని కింద ఒకటి. కుర్ర డాక్టరు లేచి నిలబడ్డాడు.

"గీ గుర్తేంది?" అని ఆమె తనే అడిగి తనే చెప్పింది. "సిస్టరమ్మను పిలిచిన అని. రెండుసార్లు పిలిచిన."

సూపరింటెండెంటుగారు, "ఇదంతా తర్వాతైనా గీయొచ్చు" అన్నారు. వెల్ల కింద గీతలు తర్వాత ఎలా గీస్తారో ఆయనే చెప్పాలి. ట్రస్టాయన వాచీ చూసుకున్నాడు. గోడ ఆరడం మొదలైంది. పై అంచు నుంచి గీతలు ఒక్కొక్కటే తెల్లబడిపోతున్నాయి. ఇంకో ఐదు నిమిషాలాగితే అక్కడ ఏమీ ఉండదు, నా బ్యాగులో కాగితం మాత్రం ఉంటుంది. ఇప్పుడు నేను నోరు మూసుకుని ఉండకూడదనీ, ఆ రోజు తెరిచి ఉండకూడదనీ రెండూ ఒకేసారి తెలిశాయి.

"ఆమె చెప్పింది. రెండుసార్లు చెప్పింది. నేను వినలేదు. గోడ తుడిపించిందీ నేనే, ఆమెని షెడ్డులో కూర్చోబెట్టిందీ నేనే" అన్నాను. బ్యాగులోంచి ఆ కాగితం తీసి, ఆయా అన్నచోట కొట్టేసి నా హోదా రాసి సూపరింటెండెంటుగారి చేతికిచ్చాను. సంతకం ఎలాగూ నాదే ఉంది.

నాకు మెమో వచ్చింది, ఇన్‌ఛార్జి పోయింది. ఆ తర్వాత నేను మేట్రన్ని కాలేదు. దానికి నాకేం బాధ లేదు. నన్ను మండించింది ఇంకోటి. ఎంక్వైరీ అయిన మర్నాడు పొద్దునే వెల్ల వేసేవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఆ ఒక్క గోడకి ఇంకో రెండు పూతలు వేసి పోయారు. కూలీలు తాగే గుంట నీళ్ళు మార్పించడానికి నెల పట్టింది ఈ పెద్దలకి.

ఆయాకి నాలుగు నెలల తర్వాత పర్మినెంట్ కాగితం వచ్చింది. ఆ మధ్యాహ్నం మందుల గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆ కాగితం తెచ్చి, ఏం రాసుందో చదివి పెట్టమంది. చదివాను. రెండోసారి కూడా చదవమంటే చదివాను. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది. అప్పుడైనా అడగాలి కదా అని, "ఆయమ్మా, ఆ రోజు నిన్ను అలా అన్నందుకు నన్ను క్షమించు" అన్నాను.

ఆమె కోపంగా చూడలేదు. అదే ఎక్కువ బాధ.

"నన్నెందుకడుగుతవ్ సిస్టరమ్మా. సచ్చింది నేను గాదు" అంది.

బక్కెట్టు తీసుకుని వార్డులోకి వెళ్ళిపోయింది.